గేటు నంబరు పదకొండు దగ్గర నలభై సెకన్లు

గేటు నంబరు పదకొండు, శాఖా లైను
ఫిబ్రవరి 9

మహారాజశ్రీ రికార్డుల గది బావగారికి,

ఇందుమూలముగా సమస్త రైల్వే ప్రజానీకానికి తెలియజేయడమేమనగా, గేటు నంబరు పదకొండు గదిలో గత ఆరేళ్లుగా మూడు కాళ్లతో విధులు నిర్వర్తిస్తున్న కుర్చీకి ఈ ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు నాలుగో కాలు అమర్చబడినది. ఇకమీదట సదరు కుర్చీలో కూర్చొనువారు గోడకు ఆనుకొనవలసిన పని లేదు. కుర్చీలో ఉండగా తుమ్మరాదనే నిషేధం కూడా ఎత్తివేయబడినది. ఈ ప్రకటన తక్షణం అమలులోకి వచ్చును.

ఇక నీ ఉత్తరం సంగతి.

బావా, ఇరవై ఆరేళ్ల బంధుత్వంలో నువ్వు నాకు రాసిన ఉత్తరాలు మొత్తం మూడు. మొదటిది, అక్కకు జ్వరం తగ్గిందని. రెండోది, నా గొడుగు నీ దగ్గర ఉండిపోయిందా అని. ఇది మూడోది. ఆ రెండూ కార్డుముక్కలు. ఇదేమో కవరు, లోపల రెండువైపులా రాసిన కాగితం, అందులో మొదటి పేరా అంతా నా ఆరోగ్యం గురించే. అక్కడే నాకు అనుమానం వచ్చింది. నా మోకాలు ఎలా ఉందని నువ్వడిగావంటే దాని వెనక ఏదో ఫైలు ఉండే ఉంటుంది.

మన శాఖా లైను వేసి ఎనభై ఏళ్లయిందట, ఆఫీసువాళ్లు దాని చరిత్ర పుస్తకంగా వేస్తారట, రాసే పని నీకు అప్పగించారట. సంతోషం. ఇంతకాలం కన్నెత్తి చూడనివాళ్లు ఉన్నట్టుండి పుట్టినరోజు చేస్తామంటే లైనుకు కూడా గుండె దడ వచ్చి ఉంటుంది. సరే, నువ్వడిగింది ఒక్కటే ప్రశ్న. ఉదయం ఏడూ యాభై బండి, సాయంత్రం ఆరుంబావు బండి మా గేటు దగ్గర నలభై సెకన్లు ఎందుకు ఆగుతాయి, ఎప్పట్నుంచి ఆగుతున్నాయి.

చరిత్ర రాసేవాడికి సెకన్లతో పనేమిటి బావా?

నీకు తెలియనిదేమీ కాదుగానీ, రాయమన్నావు కాబట్టి రాస్తున్నా. ఇక్కడ స్టేషన్ లేదు. ప్లాట్‌ఫారం లేదు. రోడ్డు పట్టాలను దాటేచోట ఒక గేటు, గేటు పక్కన నా గది, గది వెనక నా ఇల్లు. అయినా రోజూ నూట ఇరవై మంది ఇక్కడే ఎక్కి ఇక్కడే దిగుతారు. సగం మంది ఆసుపత్రి వార్డుల్లో పనిచేసే ఆడవాళ్లు, సగం మంది నూలు మిల్లు వాళ్లు. అందరి దగ్గరా నెలవారీ పాసులున్నాయి. బండి ఇక్కడ ఆగకపోతే వాళ్లంతా మూడు కిలోమీటర్లు రైలు కట్ట మీద కంకర తొక్కుకుంటూ వెనక స్టేషన్‌కు నడవాలి. మిల్లు గేటు ఎనిమిదిన్నరకు మూస్తారు. ఒక్క నిమిషం దాటితే ఆ రోజు పని పోయినట్టే.

ఎందుకు ఆగుతుందంటావా? రాళ్లబండ్ల కాలంలో ఒక ఇన్‌స్పెక్టరు ఇక్కడ తన కుడికాలి బూటు పోగొట్టుకున్నాడు. ఆ బూటు గౌరవార్థం నలభై సెకన్లు ఆగుతుంది. పుస్తకంలో వేసుకో.

ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివిన,
నీ బావమరిది

*

పాత రికార్డుల గది, రెండో అంతస్తు, ప్రధాన కార్యాలయం
ఫిబ్రవరి 21

చిరంజీవి బావమరిదికి,

నీ ఉత్తరం అందింది. బూటు సంగతి పుస్తకంలో వేయడం లేదు.

నువ్వు అనవసరంగా అనుమానపడుతున్నావు. ఇది కేవలం చరిత్ర. ఇంతవరకు రెండు అధ్యాయాలు పూర్తయ్యాయి. ఈ లైను మనుషుల కోసం వేసింది కాదు, క్వారీ నుంచి రాయి మోయడానికి వేసింది. మొదటి తొమ్మిదేళ్లు మనుషుల పెట్టె ఒక్కటి కూడా లేదు. రాళ్లు కొట్టేవాళ్లు ఖాళీ వ్యాగన్లలో ఎక్కి ఇళ్లకు పోయేవాళ్లు. దింపలేక, చివరికి ఒక పాత పెట్టె తగిలించి టిక్కెట్టు పెట్టారు. ఆ తర్వాత మిల్లు వచ్చింది, రెండో పెట్టె వచ్చింది. క్వారీలో నీళ్లు ఊరి పని ఆగిపోయినప్పుడు పట్టాలు పీకేద్దామని తీర్మానం కూడా చేశారు. పీకడానికి కూలీలను తెచ్చిన బండిలోనే జనం ఎక్కి కూర్చున్నారట. ఈలోగా ఆసుపత్రి కట్టారు, కాలనీలు పెరిగాయి, ఇప్పుడు ఆరు పెట్టెలు.

దీన్నిబట్టి నాకు అర్థమైంది ఏమిటంటే, ఈ లైనులో ప్రతిదీ ముందు జరిగిపోయింది, ఉత్తర్వు తర్వాత వచ్చింది. మీ గేటు దగ్గర ఆగడానికి మాత్రం ఆ తర్వాతి ఉత్తర్వు కూడా కనిపించడం లేదు. వెతికిన ఫైళ్లు నలభై ఒకటి. నీకు తెలిసింది నిజంగా రాయి. మోకాలి గురించి కూడా నిజంగానే అడిగాను.

మీ అక్క క్షేమం. ఆసుపత్రిలో డ్యూటీ ఎక్కువగా ఉంది.

ఆశీస్సులతో,
నీ బావ

*

గేటు నంబరు పదకొండు
మార్చి 17

బావా,

ముందుగా ఒక ముక్క గార్డుగారికి. అయ్యా ఈల గార్డూ, నా ఉత్తరాలు నీ సంచిలో ఉచితంగా పోతున్నాయి కదా అని దారిలో విప్పి చదవొద్దు. కిందటి కవరుకు నేను పూసింది మైదా జిగురు. మా బావ దగ్గరికి చేరేసరికి దానికి గమ్ము ఉందని ఆయన జవాబు కవరు చూస్తేనే తెలిసిపోయింది. ఎలా తెలిసిందంటావా? తెలియలేదు. ఊరికే అన్నాను. ఇప్పుడు నీ మొహం ఎలా ఉందో రేపు సాయంత్రం చూస్తాగా.

ఇప్పుడు నీతో బావా. మొన్న సోమవారం ముగ్గురు మనుషులు వచ్చారు. ఒకడి చేతిలో సెకన్లు కొలిచే గడియారం, ఒకడి చేతిలో అట్ట, మూడోవాడి చేతిలో ఏమీ లేదు, అంటే వాడే పెద్దవాడు. ఉదయం బండి ఆగింది, కదిలింది. గడియారం వాడు "నలభై మూడు" అన్నాడు. అట్ట వాడు రాసుకున్నాడు. మూడోవాడు నా దగ్గరికొచ్చి, "ఇక్కడ ఎవరు ఆపమన్నారు?" అన్నాడు.

"బండినా? అది నా మాట వింటుందా సార్," అన్నాను.

"సిగ్నల్ నీ చేతిలోనే ఉందిగా."

"ఉంది సార్. గేటు మూస్తేనే పచ్చ పడుతుంది. గేటు నేను మూశాను. పచ్చ పడింది. అయినా డ్రైవరు ఆపాడు. ఆయన్నడగండి."

"డ్రైవరు నిన్నడగమన్నాడు."

"మరైతే ఇద్దరం కలిసి గార్డునడుగుదాం."

ఆయన నవ్వలేదు. నవ్వని మనిషిని చూస్తే నాకు నిద్రపట్టదు. "కేవలం చరిత్ర" అని నువ్వు రాసిన కాగితం తీసి మళ్లీ చదివాను. "కేవలం" అనే మాట మనవాళ్లు ఎప్పుడు వాడతారో నాకు తెలుసు. ఆపరేషన్‌కు ముందు డాక్టర్లు వాడతారు. నిన్ను నమ్మొచ్చా లేదా అనేది పక్కన పెట్టి, అసలు సంగతి చెప్పేస్తున్నా, రాసుకో.

ముప్పై అయిదేళ్ల కిందట ఈ లైనులో ఒక మీసాల గార్డు ఉండేవాడు. అతని ఇల్లు సరిగ్గా ఈ గేటు పక్కనే. పొద్దున్నే అతనికి అన్నం డబ్బా అందించడానికి భార్య గేటు దగ్గర నిలబడేది. డబ్బా అందుకోవడానికి బండి ఆపేవాడు. ఒకరోజు ఆమెతోపాటు పక్కింటామె ఎక్కింది, మర్నాడు నలుగురు ఎక్కారు, అలా వాడుకైంది. మీసాల గార్డు పోయాడు, భార్య పోయింది, డబ్బా కూడా ఎవరో పట్టుకుపోయారు. ఆగడం మిగిలింది. నేను ఉద్యోగంలోకి రాకముందు సంగతి ఇది. నాకేమీ సంబంధం లేదు. ఈ చివరి వాక్యం కింద గీత గీసి మరీ వేయి.

నీ బావమరిది

*

పాత రికార్డుల గది
ఏప్రిల్ 4

చిరంజీవి బావమరిదికి,

మీసాల గార్డు కథ చదివాను. బాగా రాశావు. కానీ ముప్పై అయిదేళ్ల కిందట అక్కడ గేటు లేదు. రోడ్డే లేదు. రోడ్డు ఆసుపత్రితోపాటు ఇరవై తొమ్మిదేళ్ల కిందట వచ్చింది, గేటు దానితో వచ్చింది. ఆ చుట్టుపక్కల అప్పట్లో ఇల్లన్నది లేదని సర్వే పటం చెబుతోంది. మీసాల సంగతి రిజిస్టర్లలో రాయరు కాబట్టి దాన్ని వదిలేస్తున్నాను.

నిన్ను తప్పుపట్టే హక్కు నాకు లేదు, నేనూ దాచాను. పుస్తకం నిజమే. దాని వెనక ఇంకో కాగితం కూడా ఉంది. అక్టోబరు నుంచి కొత్త టైమ్‌టేబుల్ వస్తోంది. లైనులో బండి ఆగే ప్రతి చోటుకూ రెండు గడులున్న పట్టిక తయారు చేయమన్నారు. ఎవరి ఉత్తర్వు, ఏ తేదీ. గడులు ఖాళీగా ఉన్నచోట ఆగడం కొట్టేస్తారు. మీ గేటుకు రెండు గడులూ ఖాళీ. ఇంకో సంగతి. ఉత్తర్వు లేకుండా బండి ఆపిన ఉద్యోగి ఎవరో తేలితే అతని ఉద్యోగం విషయం విడిగా చూస్తారు. పట్టిక నింపేది నేను. అందుకే నీకు ముందు చెప్పలేదు, చెప్తే నువ్వు కథలు మొదలుపెడతావని. అయినా మొదలుపెట్టావు.

ఇప్పుడు నేను కనిపెట్టింది విను. పాత గార్డుల రోజువారీ పుస్తకాలు గోదాములో దొరికాయి. వాటిలో ఒక చోట, "గేటు పదకొండు, సిగ్నల్ ఎరుపు, నలభై సెకన్లు ఆలస్యం" అని ఉంది. మర్నాడు అదే. ఆ మర్నాడూ అదే. నాలుగు నెలలపాటు, ఆదివారాలు తప్ప, ప్రతిరోజూ అదే. చివరికి టైమ్‌టేబుల్ గుమాస్తా ఒకాయన విసిగిపోయి, ఆ రెండు స్టేషన్ల మధ్య ప్రయాణానికి ఒక నిమిషం కలిపేశాడు. దానితో బండి ఆలస్యంగా రావడం ఆగిపోయింది, గార్డులు రాయడం మానేశారు. రోజూ జరిగే ఆలస్యం టైమ్‌టేబుల్లో కలిసిపోయి, ఆగడంగా స్థిరపడింది. ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు. ఎవరూ కాదనలేదు.

మొదటి రోజు తేదీ, ఇరవై రెండేళ్ల కిందటి జూలై 14. గేటు మీద నువ్వే.

ఆ ఏడాది జూలై నాకు ఇంకో కారణం వల్ల కూడా గుర్తుంది. నువ్వే చెబుతావా, నన్ను చెప్పమంటావా?

నీ బావ

*

గేటు నంబరు పదకొండు
ఏప్రిల్ 15

బావా,

తేదీలు నాకు గుర్తుండవు. నా పుట్టినరోజే నాకు తెలియదు, బడిలో చేర్పించేటప్పుడు మాస్టారు ఆయనకు వీలైన రోజు వేశాడు. ఆ జూలైలో వాన పడి ఉంటుంది. వానకు గేటు కర్ర ఉబ్బి ఉంటుంది. ఉబ్బితే మూతపడదు, మూతపడకపోతే ఎరుపు. ఇంతే.

ఒక్కటి తేల్చు. నన్ను బావగా అడుగుతున్నావా, రికార్డుల గదిగా అడుగుతున్నావా? బావకైతే ఒక జవాబు, గదికైతే ఇంకోటి.

ఈ ఉత్తరాల సంగతి అక్కకు తెలుసా? తెలియకపోతే తెలియనివ్వకు.

ఉంటాను.

*

పాత రికార్డుల గది
మే 2

బావమరిదికి,

రెండూ నేనే. విడదీయడం నాకు ఎప్పుడూ చేతకాలేదు.

నువ్వు చెప్పలేదు కాబట్టి నేనే చెబుతున్నాను. ఆ ఏడాది జూలై 3న మీ అక్క ఏడాది పిల్లను ఎత్తుకుని నా ఇల్లు వదిలి నీ దగ్గరికి వచ్చింది. నర్సు చదువు చదువుతానంది, నేను వద్దన్నాను, అందుకు. జూలై 14 సోమవారం. ఆసుపత్రిలో శిక్షణ మొదలైన రోజు. వాళ్ల రిజిస్టరు కూడా చూసి వచ్చాను.

రెండేళ్ల తర్వాత ఆమె తిరిగి వచ్చినప్పుడు, రోజూ ఎలా వెళ్లావని అడిగాను. వెనక స్టేషన్‌కు నడిచానంది. పోను మూడు కిలోమీటర్లు, రాను మూడు. కట్ట మీద. ఎండలో, వానలో. ఆ మాట నేను నమ్మాను. నమ్మడమే కాదు, దాన్ని ఇరవై ఏళ్లుగా మోస్తున్నాను. మా అమ్మాయి చదువు మీద శ్రద్ధ పెట్టనప్పుడల్లా, మీ అమ్మ చదువు కోసం రోజుకు ఆరు కిలోమీటర్లు నడిచిందే, అని చెప్పాను. అది నా వల్ల నడవాల్సి వచ్చిన నడక అని నాలో నేను అనుకోని రోజు లేదు.

ఇప్పుడు గార్డు పుస్తకం ముందు పెట్టుకుని అడుగుతున్నాను. ఆమె నడిచిందా?

*

గేటు నంబరు పదకొండు
మే 13

బావా,

నడవలేదు.

ఒక్క రోజు నడిచింది. శిక్షణకు రెండు రోజుల ముందు, దారి చూసుకుందామని. తిరిగి వచ్చేసరికి చెప్పు తెగి, మడమ కోసుకుపోయి ఉంది. పిల్ల ఏడుస్తోంది. నేను ఏడవడం మగతనం కాదని అటుపోయి గేటుకు నూనె రాశాను. ఆ రాసేటప్పుడు వచ్చింది ఆలోచన. గేటు మూయకపోతే సిగ్నల్ ఎర్రగా ఉంటుంది, సిగ్నల్ ఎర్రగా ఉంటే ఎంత పెద్ద డ్రైవరైనా ఆపి ఈల వేయాల్సిందే. సోమవారం పొద్దున బండి వచ్చింది. నేను గేటు కర్ర పట్టుకుని తంటాలు పడుతున్నట్టు నటించాను. అక్క అటు పక్కనుంచి మూడో పెట్టె ఎక్కేసింది. ఎక్కగానే కర్ర మంచిదైపోయింది. సాయంత్రం మళ్లీ పాడైంది.

డ్రైవరు మొదటి వారం తిట్టాడు. రెండో వారం "ఏమయ్యా నీ గేటుకు రోజూ ఇదే వేళకు జబ్బా?" అన్నాడు. మూడో వారం ఇంకో ఇద్దరు నర్సు పిల్లలు అక్కతోపాటు ఎక్కడం మొదలుపెట్టారు. నెల తిరిగేసరికి మిల్లు ఆడవాళ్లు. ఆ తర్వాత సిగ్నల్ పచ్చగా ఉన్నా డ్రైవరే ఆపేవాడు, లేకపోతే పెట్టెలో జనం ఆయన్ను బతకనివ్వరు. అక్క నీ ఇంటికి వచ్చేసిన రోజు మానేద్దామనుకున్నా. అప్పటికి ముప్పై మంది. ఎవరికి చెప్పను, మా అక్క కాపురం బాగుపడింది, మీరు నడవండి అని?

పిల్లను నేనే చూసుకున్నాను. అది నీకు తెలుసు. పాకే పిల్ల పట్టాల మీదికి పోకుండా జెండా గుడ్డతో నా నడుముకు కట్టుకునేవాణ్ణి. అది మొదట నేర్చుకున్న మాట "పచ్చ". నీకు "నాన్న" అని చెప్పాం. క్షమించు.

నీకెందుకు దాచామో కూడా అడుగుతావు, నిన్నెరుగుదును. అడగకముందే చెబుతున్నా. స్టోర్సులో పనిచేసే నీ పెదనాన్న కొడుకు డ్యూటీలో కునుకు తీస్తే పైకి రాసింది ఎవరు? నువ్వే. సొంత అన్నను వదలనివాడు బావమరిదిని వదులుతాడా? ఆ నడక కట్టుకథ అక్క నాకోసం చెప్పింది. నా ఉద్యోగం కోసం. నువ్వు చెడ్డవాడివని కాదు బావా, నువ్వు రాసేవాడివని.

ఒక్క సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు, అక్క కూడా చెప్పి ఉండదు. సాయంత్రం బండి దిగాక ఆమె వెంటనే ఇంట్లోకి వచ్చేది కాదు. గేటు స్తంభం పక్కన నిలబడి, బండి కదిలి చివరి పెట్టె దాటేదాకా ఒక్కో తలుపూ చూసేది. నువ్వు దిగుతావేమోనని. రెండేళ్లూ. కళ్లలో వత్తులేసుకుని అంటారే, అలా.

నూట ఇరవై మంది నీ రెండు గడుల్లో ఉన్నారు. నేను కూడా ఉన్నాను గానీ, నన్ను లెక్కలోకి తీసుకోకు. ఇక నీ ఇష్టం.

బావమరిది

*

గేటు నంబరు పదకొండు
జూన్ 24

బావా,

నెల దాటింది. నీ దగ్గర్నుంచి ముక్క లేదు. అడిగితే ఈల గార్డు తల అడ్డంగా ఊపుతున్నాడు, వాడి తల ఊపును నమ్మడానికి లేదు. నిన్న ఆ మూడో మనిషి మళ్లీ వచ్చి, నా చేత పూర్తి పేరు, ఉద్యోగంలో చేరిన తేదీ రాయించుకుని పోయాడు. ఎవరు చెప్పారని అడిగితే, "ప్రధాన కార్యాలయం," అన్నాడు.

రాసేశావన్నమాట.

మిల్లు ఆడవాళ్లు పొద్దున్నే అడుగుతున్నారు, "ఏమన్నా, ఇక బండి ఇక్కడ ఆగదటగా?" అని. "మా బావ ఉన్నాడు, చూసుకుంటాడు," అంటున్నా. ఈ అబద్ధం మాత్రం నోట్లోంచి సాఫీగా రావడం లేదు.

*

పాత రికార్డుల గది
సెప్టెంబరు 11

చిరంజీవి బావమరిదికి,

రాశాను. నువ్వు అనుకున్నదే చేశాను, నేను రాసేవాణ్ణే.

నీ మే ఉత్తరం మూడు వారాలు జేబులో పెట్టుకు తిరిగాను. మొదట అనుకున్నది ఏమిటో కూడా దాచను. మీసాల గార్డును పట్టికలో వేసేద్దామనుకున్నాను. ఆ సర్వే పటం చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. కలం కూడా తీశాను. చేయి రాలేదు. మీ అక్క స్తంభం పక్కన నిలబడిందన్న మాట ఉందే, అది నన్ను కూర్చోనివ్వలేదు. రెండేళ్లు ఒక మనిషి ప్రతి సాయంత్రం నాకోసం చూస్తే, నేను ఇక్కడ కూర్చుని ఆమె ఎప్పుడు లొంగుతుందా అని చూశాను.

పుస్తకంలో ఆరో అధ్యాయం చివర ఇలా రాశాను, నీకు పంపుతున్నాను:

"ఈ ఆగడం ఇరవై రెండేళ్ల క్రితం జూలై 14న, ఏ ఉత్తర్వూ లేకుండా, ఒక ఉద్యోగి భార్య నర్సు శిక్షణకు వెళ్లడం కోసం మొదలైంది. ఆ ఉద్యోగి ఆమె చదువుకు అడ్డుపడ్డాడు. గేటు దగ్గర పనిచేసే ఆమె తమ్ముడు బండిని ఆపి ఆ అడ్డు తొలగించాడు. ఆ ఉద్యోగి ఈ పుస్తక రచయితే. ఇప్పుడు రోజూ నూట ఇరవై మంది ఇక్కడ ఎక్కుతున్నారు."

పట్టికలో "ఎవరి ఉత్తర్వు" అన్న గడిలో, "ఉత్తర్వు లేదు, కారణం నేను" అని రాసి సంతకం పెట్టాను.

పెద్దసారు పిలిచాడు. పేజీ నా ముందుకు తోసి, "ఇదేమిటయ్యా, చరిత్రా, క్షమాపణా?" అన్నాడు.

"తేదీ సరిగ్గానే ఉంది సార్," అన్నాను.

"నీ కాపురం సంగతి మా పుస్తకంలో ఎందుకు?"

"బండి ఆగింది దానివల్లే సార్. తీసేస్తే ఆ గడి ఖాళీ."

ఈ మనిషికి ఏమైందా అన్నట్టు ఆయన నన్ను చూశాడు. పంపేశాడు. నెల తర్వాత ఉత్తర్వు వచ్చింది. అక్టోబరు 1 నుంచి గేటు పదకొండు దగ్గర ఒక నిమిషం ఆగడానికి ఏడాదిపాటు అనుమతి, తర్వాత జనాన్ని బట్టి శాశ్వతం. బోర్డు, బల్ల, పొట్టి ప్లాట్‌ఫారం. నీకు లిఖితపూర్వక మందలింపు. ఉద్యోగానికి ఢోకా లేదు. నాకు రావాల్సిన సెక్షన్ పెద్ద పదవి నా వెనకున్నవాడికి ఇచ్చారు. నేను ఈ గదిలోనే రిటైరవుతాను. ఫైళ్లు నాకు అలవాటే.

మీ అక్కతో ఈ మాటలేవీ ఇంతవరకు ఎత్తలేదు. ఇన్నేళ్ల తర్వాత వంటింట్లో నిలబడి అడిగే ప్రశ్న కాదిది. అక్టోబరు 1న ఇద్దరం సాయంత్రం ఆరుంబావు బండిలో వస్తున్నాం. ముందు ఆమెను దిగి ఆ స్తంభం దగ్గర నిలబడమని, చివరి పెట్టె తలుపులోంచి నేను దిగుతాను. ఆలస్యమైనా, వచ్చాను అని చెబుతాను. ఆమె రెండేళ్లు సరిగ్గా ఏ చోట నిలబడిందో అక్కడే అడుగుతాను.

నీ బావ

*

గేటు నంబరు పదకొండు, ఇప్పుడు బోర్డు కూడా ఉంది
సెప్టెంబరు 22

బావా,

ఈ ఉత్తరం గార్డు సంచిలో వేయలేదు. బిళ్ల అంటించి తపాలాలో పంపుతున్నా. దీన్ని ఈల గార్డు చదవకూడదు, అక్క అసలే చదవకూడదు.

బోర్డు నిన్న పాతారు. బల్ల కూడా వేశారు, దానికి నాలుగు కాళ్లూ ఉన్నాయి. మిల్లు ఆడవాళ్లు బోర్డును తాకి తాకి చూస్తున్నారు, రంగు ఆరలేదు, అందరి వేళ్లకూ నలుపే. మందలింపు కాగితం అందింది. అందులో నా గురించి "దీర్ఘకాలంగా, క్రమం తప్పకుండా" అని రాశారు. నా ఉద్యోగంలో ఇంత మంచి మాట ఎవరూ రాయలేదు. గోడకు అంటించాను.

నీకు రావాల్సిన పదవి పోయిందని చదివాక మూడు రోజులు గేటు దగ్గర ఒక్కరితోనూ వేళాకోళం ఆడలేదు. ఇక్కడ జనం నాకు జబ్బు చేసిందనుకున్నారు. నన్ను రాసి పారేశావని జూన్‌లో నిన్ను తిట్టుకున్న తిట్లన్నీ వెనక్కి తీసుకుంటున్నా. రెండు మూడు ఉంచుకుంటా, ముందుముందు పనికొస్తాయి.

కానీ బావా, నువ్వు అక్టోబరు 1న స్తంభం దగ్గర ఆమెను నిలబెట్టి అడగకు. దయచేసి అడగకు. నా ప్రతి కథలో బొక్కలు వెతికినవాడివి, పటాలు, రిజిస్టర్లు తెచ్చి నా మీసాల గార్డుకు ఇల్లు కూడా లేకుండా చేసినవాడివి, ఈ ఒక్క మాట దగ్గర నీకు అనుమానం రాలేదు. రాలేదని చూసి నాకే అనుమానం వచ్చింది, ఈయన ఇది నిజం కావాలని ఎంత కోరుకున్నాడో అని.

అది నేను కల్పించిందే. ముక్క ముక్కా.

మే ఉత్తరంలో మిగతాదంతా నిజం. చెప్పు తెగడం, మడమ, గేటు కర్ర, పచ్చ అన్న మాట, అన్నీ. ఆ స్తంభం పక్కన నిలబడటం ఒక్కటే అబద్ధం. నువ్వు కలం పట్టుకుని ఎటు రాస్తావో తెలియక, నిన్ను కాస్త ఇటు తోద్దామని రాశాను. ఇంత దూరం పోతావని అనుకోలేదు. ఉత్తర్వు సంతకమైంది, బోర్డు పాతారు, ఇక ఎవరూ పీకలేరని చూసుకుని మరీ చెబుతున్నా, ఆ పాటి తెలివి నాకుంది.

అక్క దిగగానే నా నడుముకున్న పిల్లను విప్పుకుని లోపలికి పోయేది. కాళ్లు కడుక్కుని పుస్తకం ముందేసుకునేది. బండి ఎటు పోయిందో, అందులో ఎవరున్నారో, ఒక్క రోజు కూడా వెనక్కి తిరిగి చూడలేదు. ఆమె పరీక్షలు రాస్తోంది బావా, ఆమెకు తీరికెక్కడ?

తలుపులు చూసింది నేను. గేటు మనిషి బండి వైపు తిరిగి, పచ్చ జెండా పట్టుకుని, చివరి పెట్టె దాటేదాకా చూడాలి, అది నా డ్యూటీ. చూడక తప్పదు కాబట్టి ఒక్కో తలుపులో నీకోసం చూసేవాణ్ణి. నీ చేతిలో గొడుగు ఉంటుందని, ముందు గొడుగు కనిపిస్తుందని అనుకునేవాణ్ణి. చివరికి నువ్వొచ్చింది బండిలో కూడా కాదు, మిల్లు లారీలో, డ్రైవరు పక్కన కూర్చుని.

అక్కను తీసుకుని రా. బల్ల మీద కూర్చుని టీ తాగుదాం. ఆమె ఎక్కడ నిలబడిందని మాత్రం అడగకు, చూపించడానికి ఆమెకు ఆ చోటు లేదు. నేను నిలబడ్డది కావాలంటే చూపిస్తాను.

నీ బావమరిది